ఎడమ పురి

పటికమ్మ అసలు పేరేమిటని ఆ వీధిలో ఎవరినడిగినా తడుముకుంటారు. ఎప్పుడు చూసినా ఆమె కొంగున ఒక పటిక ముక్క ముడేసి ఉండేది. పటిక నీళ్లలో నానితే తప్ప ఉన్నికి రంగు నిలవదు మరి. వంటింట్లో ఉన్న రెండు పొయ్యిల్లో ఒకటి తెల్లారేసరికి ఆమె స్వాధీనం. కాఫీ కావాలన్నవాళ్లు రంగు కోసం కాగే ఉల్లితొక్కల డేగిసా దిగేదాకా నోరు మూసుకుని కూర్చోవలసిందే. కొడుకు ఒకసారి తొందరపడి ఆ డేగిసాలో గుడ్లు ఉడకబెట్టాడు. అప్పుడు ఆమె పెట్టిన చివాట్లకు పక్కింటివాళ్లు కిటికీలు వేసుకున్నారు.

నోరు అంతటిదే, కాదనను. కానీ ఆ చెయ్యి! బొటనవేలితో కదురును ఒక్క విదిలింపు విదిలిస్తే అది గాలిలో గిర్రున తిరిగేది, రెండో చేతిలోంచి ఉన్ని సన్నటి పోగై దిగేది. టీవీ చూసేది, పక్కింటావిడతో గొడవ పెట్టుకునేది, కోడలిని దెప్పేది. పోగు మాత్రం ఎక్కడా లావెక్కదు, ఎక్కడా సన్నబడదు. కోడలికి ఆమె అంటే ఎంత హడలో ఆ చేతి మీద అంత ముచ్చట.

కోడలిది పుర్రచెయ్యి. పెళ్లయిన కొత్తలో సరదాపడి కదురు పట్టింది. అత్తది కుడి చేతి విదిలింపు గనక పోగుకు కుడి పురి పడేది. కోడలిది ఎడమ పురి. రెండు పోగులు కలిపి పేనితేగాని గట్టి నూలు కాదు. రెంటికీ ఒకే వైపు పురి లేకపోతే ఒకటి బిగుస్తున్నకొద్దీ ఇంకొకటి విడిపోతుంది.

"నీ పోగుకీ నా పోగుకీ పొత్తు కుదరదమ్మాయ్. నువ్వు రంగులు చూసుకో పో" అని పటికమ్మ తేల్చేసింది. కోడలు చిన్నబుచ్చుకుంది. అయినా పోయి డేగిసా ముందు నిలబడింది, ఆ పనిలో ఆరితేరింది.

అలా సాగిపోతుండగా పటికమ్మకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ కుడి చెయ్యి సగం పడిపోయింది. ఆ వేళ్లు ఉన్నిని పట్టుకోగలవు, కదురును మాత్రం విదిలించలేవు. ఆమె నూలు కొనే నేతాయన పరామర్శకు వచ్చి, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు.

"పెద్దావిడ ఇంక వడకలేరుగా బాబూ. నేను వేరేచోట చూసుకుంటాను, ఏమీ అనుకోకండి" అన్నాడు కొడుకుతో.

గొంతయితే తగ్గించాడు గానీ, పటికమ్మ చెవులకు పక్షవాతం రాలేదు. "వేరేచోటా? వచ్చే నెల ఇక్కడికే రా! నూలు లేకపోతే అప్పుడు పో!" అని మంచం మీంచి కేకేసింది.

కేకైతే వేసింది, నూలేదీ? మర్నాటి నుంచి ఎడమ చేత్తో కదురు పట్టింది. అది ఠక్కున నేల మీద పడేది, పోగు తెగేది. కోడలు వంగి తీసివ్వబోతే "నేను తీసుకోలేనా?" అని కసిరేది. అబ్బ, ఏం పట్టుదల మనిషిది! చివరికి పోగు నిలబడింది. అక్కడక్కడా ముడులు పడినా అది పోగే.

బుట్టలో జబ్బుకు ముందు వడికిన పోగు కొంత మిగిలి ఉంది. దాన్నీ దీన్నీ కలిపి పేనడానికి కూర్చుంది పటికమ్మ. పేనుతున్నకొద్దీ పాత పోగు విచ్చుకుని దూదిలా ఊడిపోయింది. మళ్లీ పేనింది, మళ్లీ ఊడింది. కదురు విసిరికొట్టి, "అదీ నేను వడికిందే, ఇదీ నేను వడికిందే! ఎందుకే కలిసి చావవు!" అని బావురుమంది.

అత్త ఏడవడం కోడలు ఎన్నడూ చూడలేదు. దగ్గరకొచ్చి రెండు పోగులూ వెలుతురులో పట్టి చూసింది.

"అత్తయ్యా, తిట్టనంటే ఒకటి చెప్తా."

"తిట్టకుండా ఎట్లా ఉంటాను? చెప్పు."

"మీరిప్పుడు నా జట్టులోకి వచ్చేశారు. ఇది ఎడమ పురి."

పటికమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. పోగును చూసుకుంది, చేతిని చూసుకుంది. "ఓసి నీ దుంపతెగ!" అని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "ఇంకో కదురు తెచ్చుకో" అంది.

"నేనా?"

"నువ్వు కాక పక్కింటావిడా? ఆ బొటనవేలు ఎట్లా విదిలిస్తావో నెమ్మదిగా చూపించు. నాకు సరిగ్గా రావట్లేదు."

అలా కోడలు చూపించింది, అత్త నేర్చుకుంది. ఇద్దరి పోగులూ కలిపి పేనారు. కోడలు మంజిష్ఠ వేరు కాచి, చిలపలుగా చుట్టిన నూలుకు ఎరుపు వేసింది. తడి మీద రంగు మరీ ముదిరిందని కంగారుపడింది గానీ, ఆరాక దానిమ్మ గింజ రంగు తేలింది.

పటికమ్మ రమ్మన్న నెలకే నేతాయన వచ్చాడు. నూలు కొస గోటితో విప్పి, "పురి తిరగబడిందే! ఇది మీ చేతిది కాదండీ" అన్నాడు.

"ఒక పేట నాది, ఒక పేట దానిది. పురి తిరిగితేనేం, గట్టిగా ఉందా లేదా చూడు" అంది పటికమ్మ.

ఆయన లాగి చూశాడు, తెగలేదు. పేటలు రెండూ విడదీశాడు. ఒకదాంట్లో చిన్న చిన్న ముడులున్నాయి. రెండోది సన్నగా, ఒక్క తీరుగా ఉంది. ఆ రెండోదాన్ని పైకెత్తి మెచ్చుకోలుగా తలూపాడు.

"ఇదీ మీదంటే! ఈ పోగు ఇంకెవరికొస్తుందండీ? ఉన్న నూలంతా ఇచ్చెయ్యండి" అని సంచి విప్పాడు.

కోడలు ఏదో అనబోయింది. పటికమ్మ ఆమెను ఆపి, ఎడమ చేత్తో తన పక్కకు లాక్కుంది.

"కళ్లజోడు మార్చుకోవయ్యా. అది మా అమ్మాయిది" అంది.