స్టీఫెన్ చదివిన గొట్టెపిల్ల

సాగర్ ఎడమ కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరైన స్టీఫెన్‌కు గొంతు తప్ప వేరే ఆస్తి లేదని కోదాడలో అతని ఈడువాళ్లు నవ్వుతుంటారు. తూము తలుపులు ఎత్తడం, దించడం, ఈ గట్టున నిలబడి ఆ గట్టున దొంగచాటుగా నీళ్లు మళ్లించుకునే రైతును కేకేయడం, ఇదే అతని ఉద్యోగం. ఇంట్లో మంచినీళ్లు అడిగితే వీధి చివరి వాళ్లు కూడా చెంబు వెతుక్కునేవారు. అంత గొంతున్న మనిషి భార్య ముందు మాత్రం మెత్తగా మాట్లాడేవాడు. అది భయమని అందరూ అనుకునేవారు. నన్నడిగితే భయం పావు వంతే, మిగతాదంతా ప్రేమ.

భార్య శాంతమ్మ సంఘంలో బైబిల్ ఉమెన్. ఇల్లిల్లూ తిరిగి, మంచం పట్టినవాళ్ల పక్కన కూర్చుని, వాక్యం చదివి ప్రార్థన చేసి రావడం ఆమె పని. ఆదివారం పొద్దున చర్చి అరుగు మీద పిల్లల్ని పోగేసి పాటలతో పాటు అక్షరాలు కూడా నేర్పేది. పెద్ద బైబిల్లో ఉన్న పాతకాలపు అక్షరాలు బళ్లో ఎవరూ చెప్పరని, వాటిని ప్రత్యేకంగా పలకల మీద దిద్దించేది. ఆమె ముందు ఎవరైనా ఒక్క అక్షరం తప్పు చదివితే, పాస్టరుగారైనా సరే, చిన్నగా దగ్గేది.

స్టీఫెన్ చదువు వేరు. నలభై దాటాక వయోజన విద్యలో చేరి సంతకం నేర్చాడు. తర్వాత బస్సు బోర్డులు, పేపర్లో పెద్దక్షరాలు, గొర్రెల పంపిణీ పోస్టర్లు. అక్కడితో చాలనుకున్నాడు. బైబిల్ జోలికి పోలేదు. సాయంత్రం శాంతమ్మ పుస్తకం తెరిస్తే అతను చెప్పులేసుకునేవాడు.

"ఇంట్ల ఒకరు సదివితే సాలదా? ఇద్దరం మొదలువెడితె దేవుడు పరేషాన్ అయితడు" అని టీకొట్టుకు పోయేవాడు.

నిరుడు దసరా దాటాక శాంతమ్మ మిర్యాలగూడలో జరిగిన సభలకు వెళ్లి ఒక చార్టు తెచ్చుకుంది. ఏడాదిలో బైబిలంతా చదివే చార్టు. జనవరిలో మొదలై డిసెంబరులో ముగిసే చార్టులు ఆమె అంతకుముందు చాలా చూసింది. ఇది అలాంటిది కాదు, యూదుల క్యాలెండరు ప్రకారం రాసింది. వాళ్ల పర్ణశాలల పండుగ అయిపోగానే ఆదికాండం మొదలవుతుంది. మోషే కాండాలు వారానికో భాగం. దానికి తోడుగా ప్రవక్తలు, కీర్తనలు, కొత్త నిబంధన కొంచెం కొంచెంగా నడుస్తాయి. నెలలేమో చంద్రుణ్ణి బట్టి. అన్నిటికంటే శాంతమ్మకు నచ్చింది ఏమిటంటే, ఆ లెక్కలో దినం పొద్దుగూకినప్పుడు మొదలవుతుంది.

"అయితే ఇప్పుడు నేను తినేది ఇయ్యాలటి బువ్వనా, రేపటిదా?" అన్నాడు స్టీఫెన్ కంచం ముందు కూర్చుని.

"తినేటోనికి లెక్కలెందుకయ్యా? తిను."

పక్కింటి సక్కుబాయి ఆ చార్టు సంగతి విని సంబరపడింది. తండా నుంచి వచ్చి కోదాడలో ఇల్లు కట్టుకున్న లంబాడీ ఇల్లాలు, భవానీకి మొక్కే మనిషి. "నెలలు చందమామ తీరుగనా అక్కా? గట్లయితే మా లెక్కనే గదా!" అంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు శాంతమ్మ చదువుతుంటే గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేది.

ఆదికాండం అయింది. నిర్గమకాండం అయింది. లేవీయకాండం మొదలుకావాల్సిన వారంలో శాంతమ్మ బాయి దగ్గర బట్టలు ఆరేస్తూ పడిపోయింది.

కూతురు సంగీత సూర్యాపేటలో టీచరు. అక్కడి దవాఖానలోనే చేర్పించారు. ప్రాణం దక్కింది కానీ కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మంచిమాటే చెప్పాడు: మాట ఎప్పుడొస్తుందో చెప్పలేం, మనం అనేది ఆమెకు ఎంత అర్థమవుతుందో కూడా ఇప్పుడే చెప్పలేం, మీరు మాత్రం మాట్లాడుతూనే ఉండండి.

మాట్లాడమంటే ఏం మాట్లాడాలో స్టీఫెన్‌కు తోచలేదు. ఇన్నేళ్లూ మాట్లాడింది ఆమె, ఊకొట్టింది అతను. రెండు రోజులు వడ్ల ధర గురించి, కాలువలో నీళ్ల గురించి చెప్పాడు. మూడో రోజుకు సరుకు అయిపోయింది. గోడ మీద చార్టు కనబడింది. పొద్దుగూకింది. బైబిల్ తీసి, దారం పెట్టిన చోట తెరిచి, తలుపు దగ్గర ట్యూబులైటు కింద ముక్కాలి పీట వేసుకుని, కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు.

లేవీయకాండంతో చదువు మొదలుపెట్టే మనిషిని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. బలులు, కొవ్వు, మూత్రగ్రంథులు, కుష్ఠు మచ్చలు. "ఇగో, ఇదంతా నేను రాసింది కాదు, నా మీద కోపం జెయ్యకు" అని మధ్యమధ్యలో భార్యకు చెప్పుకునేవాడు. దవాఖానలో పోయిన వారాలను అందుకోవాలని రోజుకు రెండు రోజుల వాటా చదివేవాడు. అసలు చిక్కు ఒక అక్షరంతో వచ్చింది. వయోజన విద్య మేడం చెప్పని అక్షరం, పేపర్లో ఎప్పుడూ కనబడని అక్షరం. ట లాగే ఉంది, కాస్త ఒళ్లు చేసింది. పాతకాలపు ట అయి ఉంటుందని తీర్మానించుకున్నాడు. అంతే, 'గొఱ్ఱెపిల్ల' అని ఉన్న చోటల్లా దర్జాగా 'గొట్టెపిల్ల' అని చదువుకుంటూ పోయాడు.

"గొట్టె అంటే ఏందన్నా? మేకనా, గొర్రెనా?" అంది సక్కుబాయి గడప దగ్గర్నుంచి.

"రెండు గాదు సెల్లె. గొర్రెకు రాత వేరే ఉంటది, నాకు తెల్వదా? ఇది యూదుల దేశం జీవం. మన దిక్కు దొరకది."

"పాపం, ఎన్నింటిని కోస్తున్నరో" అని సక్కుబాయి నిట్టూర్చింది. 'ఎఱ్ఱ పెయ్య' వచ్చినప్పుడు అది 'ఎట్ట పెయ్య' అయింది. అది కూడా అక్కడి జీవమేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మంచం మీద శాంతమ్మ ఎడమచేత్తో పట్టె మీద కొట్టేది. నొప్పేమోనని స్టీఫెన్ చదువు ఆపి కాళ్లు పిసికేవాడు. ఒక్కోసారి కళ్లనిండా నీళ్లు పెట్టుకునేది. అప్పుడతనికి ఎక్కడ పట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆమెను లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, ముద్దలు కలిపి పెట్టి, అతని నడుము వంగిపోయింది. ఆదివారాలు వచ్చే సంగీత అది చూసి తట్టుకోలేకపోయింది. సూర్యాపేటలో ఇలాంటి పేషెంట్లను పెట్టుకుని చూసే చోటు ఒకటుంది. నర్సులుంటారు, తను రోజూ బడి నుంచి పోయి చూడొచ్చు.

"నాన్నా, అమ్మకు ఇల్లయినా ఒకటే, అదయినా ఒకటే. ఎవరొచ్చినరో, ఎవరేమంటున్నరో తెలుస్తలేదామెకు. నువ్వు గూడ మంచం పడితే నేను ఇద్దర్ని ఎట్ల సూసుకోవాలె?"

మంచం పక్కనే నిలబడి అంది. చెడ్డపిల్ల కాదు, అలిసిపోయిన పిల్ల.

స్టీఫెన్ భార్య కాళ్ల మీది దుప్పటి సర్దాడు. "నేను ఉన్ననని ఆమెకు తెలిసినట్టు ఒక్క గుర్తు కనబడితే పంపనమ్మా. లేకుంటే నీ ఇష్టం. ఈ నెల సూద్దాం" అన్నాడు.

చార్టు మీద తమ్మూజు నెల వచ్చింది. మన దగ్గర వానలు పడ్డాయి. గుర్తు కోసం స్టీఫెన్ వెతకని చోటు లేదు. చెయ్యి నొక్కి చూశాడు, పేరు పెట్టి పిలిచాడు, ఆమెకు ఇష్టమైన పాటను ఆ గొంతుతో పాడి వీధినంతా హడలగొట్టాడు. ఆమె అతన్ని చూసేది, అంతే. ఆ చూపులో ఉన్నది తెలివో, ఉత్త చూపో అతనికి తేలలేదు.

ఒక సాయంత్రం చదువు మధ్యలో మంచం మీది నుంచి చప్పుడు వచ్చింది. మూలుగు కాదు. పెదవులు బిగబట్టి, మెడ నరాలు పొంగి, "బం... డి" అంది శాంతమ్మ.

స్టీఫెన్ పుస్తకం జారవిడిచాడు. సక్కుబాయి చిక్కుడుకాయలు నేలపాలయ్యాయి.

"బండి" అంది మళ్లీ, ఈసారి స్పష్టంగా.

"మాటొచ్చింది! అక్కకు మాటొచ్చింది!" అని సక్కుబాయి వీధిలోకి పరిగెత్తింది. స్టీఫెన్ మాత్రం సంతోషం సగంలోనే ఆగిపోయి నిలబడ్డాడు. ఇన్ని నెలల తర్వాత నోరు తెరిచి ఆమె బండి అడుగుతోంది. పోతానంటోంది. సంగీత మాటలు చెవిన పడ్డాయన్నమాట. తన చేతి ముద్దలు, తన మొరటు చాకిరీ, తన గొంతు, ఏదీ సరిపోలేదు. పోనీలే, నర్సుల దగ్గర సుఖపడుతుందేమో అని తనకు తాను చెప్పుకుని, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. కావాలనుకున్న గుర్తు ఇలా వస్తుందని అతను అనుకోలేదు.

"బండి అడుగుతున్నదమ్మా. తీస్కపో" అని ఫోన్‌లో సంగీతకు చెప్పాడు.

మర్నాడు బడి అయ్యాక సంగీత కారు కిరాయికి మాట్లాడుకుని వచ్చింది. సామాన్లు సర్దేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. డ్రైవరు నరేందర్ వాన పెద్దదవుతుందని తొందరపెట్టాడు.

"పొద్దుగూకింది బిడ్డా. మీ అమ్మ లెక్కల కొత్త దినం మొదలైంది. ఈ ఒక్క భాగం సదివి పంపుత" అన్నాడు స్టీఫెన్. సంగీత కాదనలేక తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. సక్కుబాయి ఎప్పటిలాగే గడప దగ్గర చేరింది.

ఆ రోజు వాటా సంఖ్యాకాండంలో పండుగల బలులు. ఏ పండుగకు ఎన్ని కోడెలు, ఎన్ని పొట్టేళ్లు, ఎన్ని గొఱ్ఱెపిల్లలు అని వరుసగా ఉంటుంది. స్టీఫెన్ వరుస మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. "ఏడాదివగు... గొట్టెపిల్లలు..."

"బండి" అంది శాంతమ్మ.

"వచ్చిందమ్మా, బయటనే ఉంది" అంది సంగీత.

శాంతమ్మ తల అడ్డంగా ఊపింది. స్టీఫెన్ తర్వాతి వాక్యం అందుకున్నాడు. మళ్లీ గొట్టెపిల్లలు వచ్చాయి. "బండి!" ఎడమచేయి పట్టె మీద పడింది. ఇంకో గొట్టెపిల్ల. "బండి! బండి!" ముఖమంతా ఎర్రబడింది. నరేందర్ గడప దాకా వచ్చి, "అమ్మ గింత జల్ది చేస్తున్నది, ఎక్కిద్దాం పాండ్రి" అన్నాడు.

సంగీత కదల్లేదు. తల్లిని ఇంత కోపంగా ఆమె ఎక్కడో చూసింది. పలక పట్టుకుని తప్పు దిద్దిన రోజుల్లో చూసింది.

"నాన్నా, ఇప్పుడేం సదివినవ్?"

"గొట్టెపిల్ల."

"ఏ పిల్ల?"

"గొట్టె. యూదుల దేశంల..."

సంగీత లేచి వెళ్లి అతని వేలు ఉన్న చోట చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ట కాదు నాన్నా అది. గొర్రెపిల్ల. ఇది పాత అక్షరం." తల్లి వైపు తిరిగింది. "దీన్ని బండి ర అంటరు. బండి... బండి ర."

సక్కుబాయికి ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమై కొంగు నోట్లో కుక్కుకుంది. మంచం మీద శాంతమ్మ, బరువేదో దించుకున్నట్టు కళ్లు మూసుకుంది.

లేవీయకాండం మొదటి పేజీ నుంచి ఆమె వింటూనే ఉంది. ప్రతి సాయంత్రం, ప్రతి అక్షరం. ఆ తప్పు దిద్దడానికి ఇన్ని నెలలు నోట్లో ఒక్క మాటను పోగుచేసుకుంది. సంగీతకు ఇంకో సంగతి కూడా తట్టింది. మంచం పక్కన కూలబడింది.

"అయితే నేను అన్నయన్ని ఇన్నవా అమ్మా? నీకేం తెలుస్తలేదని నీ ముంగట్నే అన్న. నీ తలాపున నిలబడి అన్న."

శాంతమ్మ కళ్లు తెరిచింది. విన్నానని ఆ కళ్లు చెప్పాయి. కోపం పెట్టుకోలేదని కూడా చెప్పాయి. ఎడమచేయి మెల్లగా జరుపుకుంటూ వచ్చి కూతురి తల మీద పెట్టి, అక్కడే ఉంచింది. సంగీత తల ఎత్తకుండానే, "నరేందరన్నా, నువ్వు పో. అమ్మ ఏడికి వస్తలేదు" అంది. నరేందర్ వర్షంలో కారు తిప్పుకుని వెళ్లిపోయాడు.

స్టీఫెన్ ముక్కాలి పీటను ఈడ్చుకుంటూ వచ్చి, మంచానికి ఆనించి వేసుకుని, పుస్తకం భార్యకు కనబడేలా ఒళ్లో పెట్టుకున్నాడు. కాలువ అవతలి గట్టు దాకా వినబడే మనిషి, పక్కనున్న కూతురికి కూడా వినబడకుండా అడిగాడు.

"ఇన్ని దినాలు నన్నెట్ల ఓర్సుకున్నవే, శాంతా?"

శాంతమ్మ అతన్ని చూసి, కదిలే సగం పెదవితోనే నవ్వింది. స్టీఫెన్ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.