జయరాజ్‌తో నేను మాట్లాడని తెలుగు

జయరాజ్ పోయాడన్న కబురు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి పైన, మధ్యాహ్నం బిర్యానీకి ఎవరెవరు చేరతారన్న ప్రశ్న. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ముందురోజు సాయంత్రం నా ఎదుట కూర్చొని, ఒక కొత్త ఇంజనీరు రాసిన ప్రోగ్రాము చూసి "ఇది రాసినవాడికి ఒంట్లో బాగుందా?" అని అడిగిన మనిషి, తెల్లవారేసరికి మెదడులో నరం చిట్లి కన్నుమూశాడు. చాలాసేపు నమ్మలేకపోయాను. దుఃఖం ఒక్కటే దానికి కారణం కాదు. అతనితో ఆడవలసిన మాట నా దగ్గర ఉండిపోయింది. దానికి గడువు ఉంటుందని నాకు ఎన్నడూ తట్టలేదు.

మేమిద్దరం కోయంబత్తూరు తెలుగువాళ్ళమే. మాది కారమడై పక్కన కొబ్బరితోటలున్న కుటుంబం. అతను పుట్టి పెరిగింది కార్పొరేషన్ పారిశుధ్య కార్మికుల కాలనీలో. తల్లి వీధులు ఊడ్చి చదివించింది. రెండిళ్ళలోనూ మాట్లాడేది తెలుగే. తమిళనాడు తెలుగువాళ్ళ ఈ పత్రిక చదివే మీకు నేను వివరించనక్కరలేదు. మన ఊళ్ళలో మనిషి రెండు వాక్యాలు తెలుగు మాట్లాడితే చాలు, ఏ వీధివాడో, ఏ కులమో ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి ఒకే గదిలో పనిచేసిన మేము ఒకరితో ఒకరం తెలుగు మాట్లాడుకోలేదు. ఆ నిర్ణయం నాది.

అతను చేరిన మొదటి నెలలో నేను మా అమ్మతో ఫోనులో మాట్లాడడం విన్నాడు. టీ దుకాణం దగ్గరకు వెతుక్కుంటూ వచ్చాడు. ముఖమంతా నవ్వే.

"మీరూ మన మాటేనా సార్? ఇన్ని దినాలు తెలియకనే పోయె చూడండి. మీది ఏ ఊరు?"

అతనిది ఏ కాలనీయో నాకు అర్థమైపోయింది. "ఆమా, కొంజం తెరియుం" అన్నాను తమిళంలో. ఏదో కొంచెం వచ్చు, అంతే అన్నట్టు.

అతను గ్లాసులోకి చూశాడు. ఒక గుక్క తాగాడు. "సరి సార్" అని తమిళంలోకి మారిపోయాడు. ఆ తరువాత అతని నోట నాకోసం తెలుగు మాట రాలేదు.

పోయినవాళ్ళను మెత్తనివాళ్ళని చెప్పడం మర్యాద. జయరాజ్ మెత్తనివాడు కాదు. పని సరిగా చేయనివాణ్ణి అందరిముందూ నిలబెట్టి ఎగతాళి చేసేవాడు. ఒక అమ్మాయి అతని మాటలకు ఏడ్చి ఉద్యోగం మానేసింది. నేను మందలిస్తే, "ప్రోగ్రాము తప్పయితే కంప్యూటరు జాలి చూపిస్తుందా సార్?" అన్నాడు. ఆ అమ్మాయికి అతను క్షమాపణ చెప్పలేదు. నేనూ చెప్పించలేదు.

అతని పని ఏమిటో చెప్పాలి. మా సంస్థ ఇతర కంపెనీల డేటాకు రోజూ నకలు తీసి దాచిపెడుతుంది. నిన్న దాచినదాన్నే ఈరోజు మళ్ళీ దాచకుండా ఉండాలంటే, ఫైలును ముక్కలుగా కోసి పాత ముక్కలతో పోల్చి చూడాలి. మేము అన్ని ముక్కలనూ ఒకే పొడవున కోసేవాళ్ళం. ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేరితే చాలు, వెనకనున్న కోతలన్నీ పక్కకు జరిగిపోయేవి. ప్రతి ముక్కా కొత్తదయ్యేది. మొత్తం మళ్ళీ దాచవలసి వచ్చేది.

"కొలబద్దతో కోయకండి సార్. ఎక్కడ కోయాలో సరుకే చెప్పాలి" అనేవాడు జయరాజ్. ఫైలు వెంట వెళుతూ, ఎప్పటికప్పుడు చివరి కొన్ని అక్షరాలతో ఒక లెక్క కట్టి, ఆ లెక్క ముందే అనుకున్న గుర్తుకు సరిపోయిన చోట మాత్రమే కోయడం ఆ పద్ధతి. ముక్కలు పొట్టివీ పొడుగువీ వస్తాయి. కాని ముందర ఏది చేరినా, వెనకనున్న గుర్తులు వాటి అక్షరాలను అంటిపెట్టుకొనే ఉంటాయి. తాకిన ముక్క మారుతుంది, మిగతావి పాతవే. ఈ పద్ధతి అతను కనిపెట్టింది కాదు, లోకంలో ఉన్నదే. దాన్ని మా పాత యంత్రాలమీద పరుగెత్తించింది అతను. ముక్క మరీ చిన్నది కాకూడదని ఒక కనీస పొడవు పెట్టుకుంటాం. ఒకసారి కోశాక ఆ కనీస పొడవులో గుర్తుకోసం అసలు వెతకనే వద్దన్నాడు. అన్నిచోట్లా వెతికితే భద్రం కదా అన్నాను నేను.

"కోయకూడదని మనమే రాసుకున్న చోట కత్తి పట్టుకొని తిరగడమెందుకు సార్? కత్తికి కూడా జీతమిస్తున్నామా?"

గదిలో అందరూ నవ్వారు. అతను చెప్పినట్టే చేశాం. తెల్లవారినా ముగియని నకలు, సగం సమయంలోనే ముగిసింది.

దాన్ని చూపించడానికి అవినాశిలో బట్టల మీద ప్రింటింగు చేసే ఒక యజమాని ఇంటికి వెళ్ళాం. ఆయన మాకు దూరపు చుట్టం, నాకు వరసకు మామ. ఆయన డిజైన్ల ఫైళ్ళకు నకళ్ళు దాచే ఆర్డరు వస్తేనే మా సంస్థ నిలబడుతుంది. పద్ధతిని జయరాజ్ తప్ప ఎవరూ సరిగా చెప్పలేరు. కారులో నేనన్నాను, "అక్కడ తమిళమే మాట్లాడు, జయరాజ్."

"నాకు తెలుగు ఎక్కడ వచ్చు సార్?" అన్నాడు కిటికీలోంచి బయటకు చూస్తూ.

కాఫీలు వచ్చాయి. మామ తెలుగులో అడిగాడు. "ఈయప్ప ఎవురురా?"

"మా ఇంజనీరు మామా. తమిళాయన. తెలుగు రాదు."

మామ తల్లి, పండుముసలి, ఉయ్యాలబల్ల మీద కూర్చొని ఉంది. "రాకుంటేనే నిమ్మది" అంది. "తెలుగు మాట్లాడితే మనవాళ్ళే అనుకొని వీళ్ళు అందర్నీ లోపలికి రానిస్తా ఉండారు. మొన్న ఒకడు కొళాయి రిపేరుకు వచ్చి నాతో తెలుగులో మాట్లాడినాడు. వినంగానే తెలిసిపోయె ఏ కాలనీవాడో. చెంబు ఎత్తుకొని లోపలికి పోయినా."

మామ నవ్వాడు. నేనూ నవ్వాను.

జయరాజ్ టంబ్లరు కింద పెట్టి, తమిళంలో నన్ను అడిగాడు. "పాట్టి ఎన్న సొల్రాంగ సార్?" అవ్వ ఏమంటున్నారు అని.

"కాఫీ బాగుందా అని అడుగుతున్నారు" అన్నాను తమిళంలోనే.

అతను ముసలామె వైపు తిరిగి, "రొంబ నల్లా ఇరుక్కు పాట్టి" అన్నాడు. చాలా బాగుందని. తరువాత బల్లమీదున్న పూల ప్రింటు బట్టను చేతిలోకి తీసుకున్నాడు. మీటరు మీటరుకూ కోస్తూ పోతే, ముందర జానెడు బట్ట అతుకు పడగానే తరువాతి ప్రతి కోతా పువ్వును వేరేచోట నరుకుతుందని, పువ్వు అంచు చూసి కోస్తే అతుకుపడిన ముక్క ఒక్కటే మారుతుందని చూపించాడు. మామ ఆ బట్టను మళ్ళీ మళ్ళీ మడిచి చూశాడు. ఆర్డరు ఇచ్చేశాడు. మేము లేస్తుంటే నా భుజం తట్టి, "తెలివైనోడురా. మనవాడై ఉంటే బాగుండె" అన్నాడు, జయరాజ్ ముఖంలోకి చూస్తూ.

తిరిగి వస్తుండగా జయరాజ్, "టంబ్లరు పారెయ్యరు కదా సార్? కొత్తదిలా ఉంది" అన్నాడు. నేను రేడియో పెట్టాను.

అంత్యక్రియల రోజు కాలనీలో తల్లి నన్ను గుర్తుపట్టింది. ఫోనులో ఫొటో చూసిందట. తమిళంలో, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, "వాంగ సార్, ఉక్కారుంగ" అని కుర్చీ చూపించింది. పక్కనున్న ఆమె అక్కగారు మోచేత్తో ఆమెను పొడిచింది.

"అడగాలంటివే. అడుగు."

"ఈ సారుకు మన మాట రాదంట అక్కా. బిడ్డ చెప్పింటాడు. మా సారు మంచోడు, తెలుగు మాత్రం రాదు అని."

"అరవంలో అడుగు మరి."

"అరవంలో కూలి అడగను వస్తాది, నీళ్ళు అడగను వస్తాది. సచ్చిపోయిన బిడ్డను గురించి ఎట్ల అడిగేది? ఆ కంప్యూటరు పెట్టె ముందర కూర్చొని ఏం కోస్తా ఉండావురా అంటే నవ్వతా ఉండె. ఏం కోసినాడో ఈయనకు తెలిసుంటాది."

నాకు తెలుసు. ఆమెకు అర్థమయ్యేలా ఆమె మాటలోనే చెప్పగలను. నా గురించి అతను ఇంట్లో అలా ఎందుకు చెప్పాడో ఇప్పటికీ తెలియదు. నా పరువు కాపాడాడో, ఇన్నేళ్ళు తనతో తెలుగు మాట్లాడని మనిషి కింద పనిచేస్తున్నానని తల్లికి చెప్పుకోలేకపోయాడో. నోరు తెరిచాను. వెనక మా ఆఫీసువాళ్ళు నిలబడి ఉన్నారు. "వరేన్ అమ్మా" అని తమిళంలో సెలవు తీసుకొని లేచాను.

అతను రాసిన ప్రోగ్రాము ఈరోజు కూడా నడుస్తోంది. అది పాడైతే విప్పి చూడగల మనిషి మాకు లేడు. అతని పదునూ ఎగతాళీ ఉన్నవాడు ఇక దొరకడు. ఆ లోటు పూడేది కాదు. జయరాజ్‌కు తలవంచి నమస్కరిస్తున్నాను, టీ దుకాణం దగ్గర అతను అడిగిన ‘మన మాట’లోనే. అతని తల్లికి చదవడం రాదు. ఆ కాలనీ మా ఆఫీసు వెనక వీధిలోనే ఉంది. నేను ఇంకా వెళ్ళలేదు.