తడి ఆరని నాలుగు కుండీలు

దెయ్యాలు, గాలి సోకడాలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు ఇంట్లో దిష్టి తీస్తుంటే కిసుక్కున నవ్వి తిట్లు తిన్నదాన్ని. అసలు ఇది దెయ్యం కథ కూడా కాదు. ఇందులోని మనిషి అప్పటికి బతికే ఉంది, ఎనిమిది మైళ్ళ అవతల ఆస్పత్రి మంచం మీద. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

2009లో నేను కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండేదాన్ని. హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టర్‌ని. డోరతీ అనే రిటైర్డ్ టీచర్ ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "ఆంటీ" అంటే పకపకా నవ్వింది. చివరికి పేరే అలవాటైంది.

ఆవిడకి కేన్సర్. కీమో మొదలయ్యాక ఏం తిన్నా వాంతి అయిపోయేది. ఒకరోజు నన్ను పిలిచి హాల్లో ఉన్న క్లాజెట్ తలుపు తీసింది. లోపల బట్టల్లేవు. ఒక లైటు, చిన్న ఫ్యాను, నాలుగు కుండీల్లో నాలుగు మొక్కలు. నేను గుంటూరు దాన్ని కదా, చూడగానే "అయ్యో, గోంగూర! మేం దీంతో పచ్చడి చేస్తాం" అన్నాను. ఆవిడ నవ్వీ నవ్వీ దగ్గొచ్చి కూలబడిపోయింది.

అవి గంజాయి మొక్కలు. మందుగా వాడుకోవచ్చని డాక్టర్ రాసిచ్చిన కాగితం తలుపు లోపలివైపు అతికించి ఉంది. దాని పొగ పీలిస్తేనే నాలుగు ముద్దలు కడుపులో నిలుస్తున్నాయని చెప్పింది. నా గోంగూర మాటకి ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. అది అసలు సిగ్గే కాదని తర్వాత తెలిసింది.

ఆవిడ వాటిని చూసుకునే తీరు ముచ్చటగా ఉండేది. ప్లాస్టిక్ కుండీలు ససేమిరా వాడేది కాదు. మందపాటి గుడ్డతో కుట్టినవే కావాలి. ఇరుకు చోట ప్లాస్టిక్ అయితే అడుగున నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి, గుడ్డ అయితే చుట్టూ ఆరుతుంది అనేది. మరీ పెద్ద కుండీ కూడా పనికిరాదట. మట్టి బిగుసుకోకుండా తెల్లటి తేలిక పలుకులు కలిపేది.

నీళ్ళు పొయ్యాలో వద్దో చూడ్డానికి కుండీ అంచు దగ్గర చూపుడువేలు రెండో కణుపుదాకా గుచ్చేది. తర్వాత కుండీని ఎత్తి బరువు చూసేది. తేలిగ్గా ఉంటేనే నీళ్ళు. కీళ్ళవాతంతో ఆ వేలు ఒక పక్కకి వంకరపోయింది. అందుకని మట్టిలో ఆవిడ వేలి గుంట ఎప్పుడూ ఏటవాలుగా పడేది.

సెప్టెంబర్‌లో ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. రెండు మూడు వారాలు పడుతుందన్నారు. "మొక్కలు నీకు ఇబ్బంది అయితే చెప్పు హనీ, శాక్రమెంటో నుంచి మా చెల్లెలు వచ్చి తీసుకెళ్తుంది" అంది. చెప్పొచ్చుగా? చెప్పలేదు. "ఎంత మాట, నేను చూసుకుంటాను" అన్నాను. మంచిపిల్ల అనిపించుకోవాలన్న కక్కుర్తి నాది.

మర్నాడు లంచ్‌లో శిరీషకి చెప్పాను. మా టీమే, కరీంనగర్ పిల్ల. దాని చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏందే, పిచ్చి లేసిందా నీకు? ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల పెట్టుకొని గంజాయికి నీళ్ళు పోస్తవా? ఎవడన్న కంప్లైంట్ ఇస్తే ఆమెకేం కాదు, నీ వీసా ఖతం. తీసి పారెయ్!"

భయం పట్టుకుంది. ఆ ఏడాది లేఆఫ్‌లతో మా ఫ్లోర్‌లో సగం కుర్చీలు ఖాళీ. పారేసే ధైర్యం లేదు, నావల్ల కాదని డోరతీకి చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. నీళ్ళు పొయ్యడం మానేశాను. వాటంతటవే ఎండిపోతే నా తప్పు కాదనుకున్నాను. సాయంత్రం డోరతీ ఫోన్ చేసి ఎలా ఉన్నాయని అడిగేది. "బ్రహ్మాండంగా ఉన్నాయి, కొత్త ఆకులు వేశాయి" అనేదాన్ని. ఎంత చక్కగా చెప్పేదాన్నో!

ఆ కుండీలు రెండు రోజుల్లో ఆరిపోవాలి. నాలుగో రోజు పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతూ ఒకటి ఎత్తి చూశాను. బరువుగా ఉంది. ఆరో రోజు ఇంకా బరువుగా ఉంది, కింద పళ్ళెంలో నీళ్ళు కూడా చేరాయి. పైన పైపు కారుతోందేమోనని సీలింగ్ తడిమాను. పొడిగా ఉంది.

అప్పుడు చూశాను, నాలుగు కుండీల్లోనూ అంచు దగ్గర తాజాగా ఒక్కో గుంట. ఏటవాలుగా ఉంది. పక్కనే నా వేలు గుచ్చి చూశాను. నాది నిటారుగా పడింది.

నీళ్ళ క్యాన్ తీసుకెళ్ళి నా కార్ ట్రంక్‌లో పెట్టాను. క్లాజెట్ తలుపుకి పైనా కిందా టేప్ అంటించాను. ఇంటికి తాళంచెవులు రెండే, ఒకటి నా దగ్గర, రెండోది ఆస్పత్రిలో ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో. మర్నాడు పొద్దున టేప్ వేసింది వేసినట్టే ఉంది. కుండీలు తడిగా ఉన్నాయి.

ఆదివారం ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కన నర్స్ కూర్చుని డోరతీ గోళ్ళు శుభ్రం చేస్తోంది. "నిన్ననే తీశాను. మంచం దిగని మనిషికి ఇంత మట్టి ఎక్కణ్ణుంచి వస్తుందో" అని నాతో విసుక్కుంది. కుడిచేతి చూపుడువేలి గోరు కింద నల్లమట్టి. అందులో తెల్లటి పలుకులు. నా కళ్ళతో చూశాను.

డోరతీ మాత్రం తీరిగ్గా నావైపు తిరిగి, "గోడ వైపు కుండీ మరీ తడిగా ఉంది హనీ. నువ్వు ఎక్కువ పోస్తున్నట్టున్నావు" అంది.

ఆ క్షణంలోనైనా నిజం చెప్పేస్తే అయిపోయేది. "అవును, సారీ, తగ్గిస్తాను" అన్నాను.

సోమవారం పొద్దున చెత్త బండి వచ్చే రోజు. నాలుగింటినీ నల్ల సంచుల్లో కట్టేశాను. ఒకేసారి మొయ్యలేక రెండు సార్లు తిరిగాను. సంచుల్లోంచి నీళ్ళు నా చేతుల మీదుగా కారాయి. ఆకులు అప్పటికీ పచ్చగా ఉన్నాయి.

తర్వాత ఆస్పత్రికి వెళ్తే ఆవిడ గోళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. "నిద్ర సరిగ్గా పట్టడం లేదు. వెళ్ళడానికి చోటు లేనట్టుంది" అంది. నేను కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ నిలబడ్డాను.

అక్టోబర్‌లో ఇంటికి పంపేశారు, ఇక చేసేదేమీ లేదని. ఆవిడ గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి ముందు ఆ క్లాజెట్ తలుపే తీసింది. లోపల నాలుగు ఖాళీ పళ్ళేలు. పురుగు పట్టిందని చెప్పాను. "పురుగా" అని తలూపింది. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కాగితం ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి బయట నేను కొనలేను, లేచి వెళ్ళి కొనుక్కునే ఓపిక ఆవిడకి లేదు. మిగిలిన ఐదు వారాలూ గుక్కెడు సూప్ కూడా నిలవలేదు. బేసిన్ పట్టుకున్నది నేనే. కక్కిన ప్రతిసారీ నా చెయ్యి నొక్కి "థాంక్యూ హనీ" అనేది. ఆ మాట వినాల్సి వచ్చిన ప్రతిసారీ భూమిలోకి కుంగిపోయేదాన్ని.

ఆవిడ పోయిన వారానికి నా ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది. శిరీష స్వీట్లు ఏవే అని అడిగింది.

గోరు కింద ఆ మట్టి ఎలా వచ్చిందో, టేప్ చెక్కుచెదరని క్లాజెట్‌లోకి నీళ్ళు ఎలా చేరాయో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను.

ఇప్పుడు శాన్ రామన్‌లో నా సొంతింట్లో, కిటికీ పక్కన గుడ్డ కుండీల్లో అసలైన గోంగూర పెంచుతున్నాను. నీళ్ళు పోసే ముందు ప్రతి కుండీ అంచూ వంగి చూస్తాను, ఏటవాలు గుంట ఏమైనా ఉందేమోనని. ఒక్కసారి కనిపిస్తే చాలు, నిజం చెప్పేస్తాను. ఎప్పుడూ ఉండదు.