కరవని బూటు

ఏలూరు వన్‌టౌన్‌లో మొహిద్దీన్ కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. మేకుల సాయిబు కొట్టు అనాలి, అప్పుడు చెయ్యి చూపించేవారు. ఆ పేరు ఎలా వచ్చిందో చాలామంది చెప్పేవారు కానీ సగమే చెప్పేవారు. అది జరిగిన సాయంత్రం తెగిన చెప్పు కుట్టించుకోడానికి ఆ కొట్లో బల్లమీద కూర్చుని ఉన్నవాణ్ణి కాబట్టి, మిగతా సగం నేను రాస్తున్నాను.

అది 2004 వానాకాలం. అప్పటికే పెద్దబజారులో అద్దాల చెప్పుల షాపులు వచ్చేశాయి. చేత్తో కుట్టిన తోలు బూట్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. మొహిద్దీన్ మాత్రం తండ్రి నేర్పిన పద్ధతి వదల్లేదు. గేదె తోలు తెప్పించి వంచి చూసేవాడు. మడత దగ్గర పగులు కనిపిస్తే వెనక్కి పంపేవాడు. కొలత సాయంత్రమే తీసేవాడు, పొద్దుటి పాదం పొద్దుగూకేసరికి కాస్త ఉబ్బుతుందని. అదీ మనిషిని నిలబెట్టి, రెండు పాదాలకీ విడివిడిగా. కూర్చున్న కాలు అబద్ధమాడుతుందనేవాడు.

ముత్యాలరాజు కైకలూరు అవతల చేపల చెరువుల మీద మేస్త్రి. రాత్రిళ్లు గట్లమీద తిరగాలి. అంతకుముందు ఏడాది పక్కచెరువు కాపలావాణ్ణి రక్తపింజరి కాటేసింది. అప్పటినుంచి భార్య సత్యవేణి పోరగా పోరగా బూట్లు కుట్టించుకోడానికి ఒప్పుకున్నాడు. బావుంటే చుట్టుపక్కల మేస్త్రీలందరూ ఈ కొట్టే వెతుక్కుంటూ వస్తారని కొలతలిచ్చిన రోజే మొహిద్దీన్‌కి ఆశపెట్టాడు. ఆ మాట మీదే కొట్టు నిలబడుతుందనుకున్నాడు మొహిద్దీన్.

బూట్ల కోసం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. చెరువులో చేపల పట్టుబడి మర్నాడే.

“తొందరగా ఇప్పించండి సాయిబు గారూ. బస్సు పోతే మీ కొట్లోనే పడుకోవాలి,” అంటూ ముత్యాలరాజు మొహిద్దీన్ చేతిలోంచి బూట్లు లాక్కున్నంత పని చేశాడు.

“ఒక్క నిమిషమండీ. లోపల చెయ్యి పెట్టి చూసి ఇస్తాను.”

“చూసిందే ఎన్నిసార్లు చూస్తారండీ? పెళ్లికూతురా ఏంటి?”

నల్ల మేజోళ్ల మీద బూట్లు తొడుక్కుని సందు చివరిదాకా వెళ్లొచ్చాడు. నేలమీద దబదబా తొక్కి చూశాడు.

“ఎక్కడైనా కరుస్తోందా అండీ?” అన్నాడు మొహిద్దీన్.

“అబ్బే. అత్తారింట్లో ఉన్నట్టుంది.”

“మడమ దగ్గర?”

“లేదన్నానుగా.”

“పోనీ వేళ్ల దగ్గర?”

“బాగుందండీ. కరవకపోవడం కూడా తప్పేనా?”

సత్యవేణి నవ్వింది. మొహిద్దీన్ నవ్వలేదు. కొత్త తోలు ఎంత కుదిరినా ఎక్కడో ఓచోట ఒత్తాలి. కొన్నాళ్లు ఆముదం తాగితేగాని అది కాలి మాట వినదు.

“ఓసారి విప్పండి. ఎలా చూసుకోవాలో అమ్మకి చెబుతాను,” అని ఎడమ బూటు అందుకుని లోపల చెయ్యి పెట్టాడు. “తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకండమ్మా, పగిలిపోద్ది. పేపరు ఉండచుట్టి లోపల కుక్కి, నీడలో...”

చెయ్యి మడమ దగ్గరే ఉండిపోయింది.

బూటు కుట్టేటప్పుడు లోపలి అట్టని చెక్క అచ్చుకు చిన్న చిన్న మేకులతో బిగిస్తారు. పని అయ్యాక అన్నీ పీకెయ్యాలి. ఒకటి మిగిలిపోయింది. మొన పైకి ఉంది. తడిగా ఉంది. ఇదంతా అతను తర్వాత చెప్పాడు. అప్పుడు నాకు కనిపించింది అతని మొహం ఒక్కటే.

పట్టకారు చేతికందే దూరంలో ఉంది. మొన విరిచేసి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. ముత్యాలరాజు మెచ్చుకుంటూ బస్సెక్కుతాడు, మిగతా మేస్త్రీలు వస్తారు. మేకు ఉందంటే, తండ్రినాటి నుంచి ఒక్క మాట పడని కొట్టు ఆ పూటతో సరి.

“ఏం సాయిబు గారూ, బూట్లో చేప పడిందా?” అన్నాడు ముత్యాలరాజు.

మొహిద్దీన్ చెయ్యి బయటికి తీశాడు. వేలిచివర ఎర్రగా ఉంది.

“మేకు వదిలేశానండీ. తప్పు నాదే. మీరోసారి మేజోడు విప్పండి.”

“మేకుంటే నాకు తెలీదా?”

“గుచ్చుకున్నా తెలియలేదు, అదేనండీ నా భయం.”

ముత్యాలరాజు మొహం మారిపోయింది. “పని చెడగొట్టి, పైగా నాకు రోగం అంటగడతారా? ఇటివ్వండి,” అంటూ బూటు పట్టుకు లాగాడు. మొహిద్దీన్ దాన్ని పొట్టకి అదుముకున్నాడు.

“తిట్టండి, పడతాను. కాలు చూడకుండా మాత్రం ఇవ్వను.”

ఇద్దరూ అలా పెనుగులాడుతుండగానే సత్యవేణి కింద కూర్చుని మొగుడి మేజోడు లాగేసింది. మడమంతా నెత్తురు. చిటికెనవేలి పక్కన ఇంకేదో పాతపుండు, నల్లబడి ఉంది.

“ఏవండీ, ఇదెప్పటిది?”

“ఏది?” అన్నాడతను, వంగి చూసుకుంటూ.

బూటు పట్టుకున్న అతని చెయ్యి దానంతటదే వదిలేసింది.

“మా నాన్నకీ ఇలాగేనండీ,” అన్నాడు మొహిద్దీన్. “తోలు కుట్టే ఆరె మొన మీద కాలేసి, నొప్పి తెలియక పొద్దుపోయేదాకా పనిచేశాడు. షుగరని మాకు తెలిసేసరికి కాలు తీసేశారు.”

“రేపు పట్టుబడి కదే,” అన్నాడు ముత్యాలరాజు భార్యతో. గొంతు తగ్గిపోయింది.

“చేపలెక్కడికీ పోవు. లేవండి.”

ఆటో పిలిచారు. కొట్టు నామీద వదిలేసి, మొహిద్దీన్ డ్రైవరు పక్కన ఇరుక్కుని ఆసుపత్రికి తనూ వెళ్లాడు.

పుండుపడ్డ చిటికెనవేలు పోయింది. పాదం దక్కింది. కైకలూరు వైపు మాత్రం, సాయిబు బూట్లో మేకు గుచ్చుకుని మేస్త్రి వేలు తీసేశారట అన్న మాటే ప్రయాణం చేసింది. మిగతా మేస్త్రీలెవరూ రాలేదు. మేకుల సాయిబన్న పేరు మాత్రం వచ్చి కూర్చుంది.

మరుసటేడు ముత్యాలరాజు వచ్చాడు. “అసలు సంగతి అందరికీ చెబుతున్నానండీ. వాళ్లకి మేకే గుర్తుంటోంది,” అన్నాడు తల వంచుకుని.

“ఉండనివ్వండి. మీరు రెండు కాళ్లమీదా సరిగ్గా నిలబడండి,” అన్నాడు మొహిద్దీన్, కొలతకి కాగితం పరుస్తూ.

ఈసారి బూట్లు అందుకున్నది సత్యవేణి. గాజులు పైకి తోసుకుని, వట్టి చెయ్యి లోపలికి పోనిచ్చి, మడమా కుట్టూ వేళ్ల చివరా నెమ్మదిగా తడుముకుంటూ పోయింది. మగవాళ్లిద్దరూ ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డారు.

“ఏమీ లేదండీ,” అంది.

అప్పుడు ముత్యాలరాజు కాలు చాపాడు.