మెకాంగ్ ఒడ్డున రెండో నాన్న

చచ్చిపోయిన మనిషి పరువు తియ్యడం అందరివల్లా అయ్యే పని కాదండీ. నావల్ల అయింది. అదీ పరాయి దేశంలో, ఆయన ఇంటి ముందే, ఆయన పేరున పెట్టిన భోజనం తింటూ. అదే ఊపులో దర్శిలో బతికున్న మా అమ్మ పరువు కూడా తీసుకెళ్లి మెకాంగ్ నదిలో కలిపాను. ఇంత ఘనకార్యానికి నాకు పట్టిన సమయం ఒక పూట. తెలివైనవాడికైతే ఏళ్లు పట్టేది.

అప్పటికి నాకూ శిరీషకూ పెళ్లయి కొత్త. ఇద్దరం హైదరాబాదులో ఉద్యోగాలు మానేసి, వీపుకి తలో పెద్ద సంచీ తగిలించుకుని, ఆసియా అంతా తిరిగొస్తామని బయల్దేరాం. శిరీషది పిడుగురాళ్ల దగ్గర పత్తి రైతుల కుటుంబం. మా మామగారు మా సంచులు చూసి, "పత్తి తియ్యడానికి కూలీలు కూడా ఇంతకంటే చిన్న సంచే కట్టుకుంటారమ్మా" అన్నారు. మా అమ్మ మార్తమ్మ టీచర్. రిటైరైనా దర్శిలో సగం మంది ఆవిణ్ని చూస్తే ఇప్పటికీ చేతులు కట్టుకుంటారు. "తిరగండి గానీ, అక్కడ మాత్రం మన పరువు తియ్యకురా" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేనే ఒకటి పీకాలనిపిస్తుంది.

థాయిలాండ్, లావోస్, కంబోడియా దాటి వియత్నాంలోకి వచ్చేసరికి నాకు బాగా ముదిరింది. ఏం ముదిరిందంటారా? జ్ఞానం. "టూరిస్టు వేరు, ట్రావెలర్ వేరు శిరీషా. టూరిస్టు బయట నిలబడి ఫోటో తీస్తాడు. ట్రావెలర్ లోపలికెళ్లి వాళ్లలో కలిసిపోతాడు" అని రోజుకోసారైనా చెప్పేవాణ్ని. పాపం, ఆ పిల్ల విడాకుల మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ రోజు మెకాంగ్ నది పక్కన ఒక పల్లెలో పడవ దిగాం. మేం బస చెయ్యాల్సిన ఇల్లు ఇంకా చాలా దూరం. ఎండ మన రెంటచింతల ఎండలా మాడ్చేస్తోంది. కడుపులో ఏమీ లేదు. అంతలో బ్యాండు వినిపించింది. బాకాలు, డోళ్లు, మంచి హుషారుగా వాయిస్తున్నారు. మలుపు తిరిగేసరికి ఒక ఇంటి ముందు టెంటు, టెంటు కింద బల్లలు, బల్లల మీద భోజనాలు, గుమ్మం పక్కన నిలువెత్తు పూల చక్రాలు.

"పెళ్లి!" అన్నాను.

శిరీష ఆగిపోయింది. "అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు శామ్."

"మన పెళ్లికి నువ్వేం కట్టావ్? తెల్లచీరే కదా?"

"అది చర్చిలో పెళ్లి కాబట్టి. ఆ చీర చూసి మా నాయనమ్మ ఎంత ఏడ్చిందో గుర్తులేదా?"

"అదే నేను చెప్పేది. పెళ్లంటే ఒకరిద్దరు ఏడుస్తారు. అదిగో, ఆ మూల ఇద్దరు ఏడుస్తున్నారు చూడు. పెళ్లికూతురి తరఫువాళ్లయి ఉంటారు."

నా తర్కానికి అడ్డేముందండీ? గేటు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని చూసి తల వంచాడు. నేనూ వంచాను. ఆయన కుర్చీ చూపించాడు. పరాయివాళ్లని కూడా పిలిచి కూర్చోబెట్టే మనుషులు, ఆ విషయంలో ఏ లోటూ లేదు. వేడి టీ వచ్చింది, తర్వాత అన్నం, చేప, ఏదో పులుసు. నేను వడ్డించిన ప్రతివాడికీ బొటనవేలెత్తి చూపిస్తూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ తిన్నాను. ఎవరూ తిరిగి నవ్వలేదు. మొహమాటస్తులు కాబోలనుకున్నాను.

గుమ్మం దగ్గర ఒక అమ్మాయి పళ్లెంలో తెల్లటి గుడ్డపట్టీలు పెట్టుకుని కొందరి తలలకి కడుతోంది. మగపెళ్లివారికి మర్యాద అనుకున్నాను. లేచి వెళ్లి ఆ అమ్మాయి ముందు తల వంచాను. ఆమె నా మొహంలోకి చూసింది. అటూ ఇటూ చూసింది. "కట్టమ్మా, ఫరవాలేదు" అని తెలుగులో ధైర్యం చెప్పాను. చివరికి కట్టింది.

ఇక నన్ను ఆపేదెవరు? ట్రావెలర్‌ని కదా, కలిసిపోవాలి కదా. బ్యాండు ముందుకెళ్లి చప్పట్లు కొడుతూ నాలుగు స్టెప్పులేశాను. మా వూళ్లో గుడి ఊరేగింపుకైనా క్రిస్మస్ ర్యాలీకైనా వేసేవి అవే స్టెప్పులు, నా దగ్గర వేరే స్టాకు లేదు. బాకా ఊదేవాడికి ఊపిరి తప్పింది. టెంటంతా నిశ్శబ్దం. నా డాన్సుకి అంత నిశ్శబ్దం అంతకుముందెప్పుడూ రాలేదు. మైమరచిపోయారనుకున్నాను.

అప్పుడే చెయ్యి కడుక్కోవడానికి లోపలికెళ్లిన శిరీష తిరిగొచ్చింది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"శామ్, పెళ్లికొడుకు లోపలున్నాడు."

"పద, కంగ్రాట్స్ చెప్పొద్దాం."

"పెట్టెలో ఉన్నాడు."

నా కాళ్లు అక్కడే గడ్డకట్టాయి. ఒక కాలు ఇంకా స్టెప్పులోనే ఉంది.

ఆ క్షణంలో సంచీ తగిలించుకుని పారిపోయి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మార్తమ్మ టీచర్ పెంపకం కదా, తప్పు చేశాక దిద్దుకోవాలి. లోపలికెళ్లాను. పూలూ అగరొత్తుల మధ్య ఒక ముసలాయన ఫోటో. పక్కన చాప మీద ఆయన భార్య, చిన్న పిట్టంత మామ్మగారు. ఫోటోకి దణ్ణం పెట్టి, ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. అంత దుఃఖంలో ఉన్న మనిషితో మనవైపు ఏమంటాం? ఫోన్లో అనువాదం చేసే యాప్ తెరిచి, గొంతు బరువు చేసుకుని అదే అన్నాను.

"ఆయన నాకు తండ్రిలాంటి వారండీ."

ఫోను ఆ ముక్కని వాళ్ల భాషలో గట్టిగా చదివింది. గదిలో ఏడుపులు టక్కున ఆగాయి. మామ్మగారు నా తలపట్టీ వంక చూసింది. నా రంగు చూసింది. తర్వాత ఫోను తీసుకుని దాన్లోనే ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది.

"ఏ దేశం?"

"ఇండియా అండీ."

"మీ ఊరికి సముద్రం దగ్గరా?"

ఇంత దుఃఖంలోనూ మన ఊరి గురించి అడుగుతోందని కరిగిపోయాను. "దగ్గరేనండీ! ఒంగోలు దాటితే సముద్రమే."

"మీ అమ్మ ఎప్పుడైనా ఓడలొచ్చే ఊళ్లో ఉందా?"

"ఉందండీ! విశాఖపట్నంలోనే టీచర్ ట్రైనింగ్ చేసింది" అని చెప్పి, ఊరుకోకుండా, ఫోన్లో అమ్మ వయసులో ఉన్నప్పటి ఫోటో కూడా తీసి చూపించాను. నల్లంచు చీర, రెండు జడలు. "బాగుంటుంది కదండీ?"

మామ్మగారు లేచింది. చకచకా వెళ్లి, పూలదండ వేసిన మొగుడి ఫోటోని గోడవైపు తిప్పేసింది.

ఒకటే గోల. కొడుకులు పరుగెత్తుకొచ్చారు, కోడళ్లు పరుగెత్తుకొచ్చారు. మామ్మగారు పెట్టెకి అడ్డంగా నిలబడి ఏదో అరుస్తోంది. నాకు పట్టీ కట్టిన అమ్మాయి నా పక్కకి వచ్చింది. పేరు లాన్. పోయినాయనకి మనవరాలు, కాలేజీలో చదువుతోంది, ఇంగ్లీషు కొంచెం వచ్చు.

"ఈ పట్టీ ఇంట్లోవాళ్లకే కడతాం. మీరే వచ్చి తల వంచారు, ఎలా కాదనాలో తెలియలేదు. ఇప్పుడేమో తాతయ్య మీకు నాన్న అన్నారు."

"నాన్న అనలేదు! నాన్నలాంటి వారు అన్నాను!"

"ఫోను 'లాంటి' చెప్పలేదు" అంది లాన్. "తాతయ్య చాలా ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేశాడు. ఇండియా రేవులకి వెళ్లేవాడు. అక్కడెవరో ఉన్నారని నాన్నమ్మకి ఎప్పట్నుంచో అనుమానం. నిజం తేలేదాకా శవాన్ని గడప దాటనివ్వనంటోంది."

శిరీష నన్ను చూసిన చూపుకి ఎండుమిరపకాయ కూడా ఇంకోసారి ఎండేది. "బాగా కలిసిపోయావు శామ్. ఆస్తిలో వాటా కూడా అడుగు."

బయట శవాన్ని మోసేవాళ్లు నిలబడే ఉన్నారు. ముహూర్తం దాటిపోతోందని పెద్దలు గోల పెడుతున్నారు. అరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి, మొగుడి పెట్టె మీద చెయ్యేసి, ఆ చేత్తోనే దాన్ని కొడుతోంది. అప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా ఏడుపు చూసి పెద్దకొడుకు అనుమానం ఇంకా బలపడింది.

"మీ నాన్నని చూపించు, ఇప్పుడే" అంది శిరీష.

వీడియో కాల్ చేశాను. అమ్మ ఎత్తింది. మిరప కల్లంలో ఉంది, వెనకాల నేలంతా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి.

"అన్నం తిన్నావారా?"

"తిన్నానమ్మా. అమ్మా, ఒకసారి నాన్నని పిలు, అర్జెంటు."

"ముందు ఏమైందో చెప్పి ఏడువు. ఎవరా పక్కన ముసలావిడ? నన్నెందుకట్లా కొరికేసేట్టు చూస్తోంది?"

"అదేం లేదమ్మా... వాళ్లాయన పోయారు. నేను ఆయన కొడుకుననుకుంటోంది."

"కొడుకువి ఎట్లా అవుతావురా, నేను నీ కన్నతల్లిని ఇక్కడుండగా..."

మాట సగంలో ఆగింది. ఆవిడ లెక్కల టీచరండీ. లెక్క తేలడానికి క్షణం కూడా పట్టలేదు.

"ఒరేయ్!"

ఆ ఒక్క కేకకి వియత్నాంలో కోళ్లు లేచిపోయాయి. "నన్నంటోందా! చర్చి స్త్రీల సమాజం ప్రెసిడెంటునిరా నేను! ఫోను ఆవిడకియ్యి! ఏవమ్మా, మీ ఆయన మొహం నేను ఎన్నడైనా చూశానా? నీకు కళ్లు కనపడతన్నాయా?" మామ్మగారు వాళ్ల భాషలో అందుకుంది. భాష రాదని ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఒకరు ఊపిరి పీల్చుకునే సందులో ఇంకొకరు. యాప్ అనువాదం చెయ్యబోయి, రెండు ముక్కలు చెప్పి, చేతులెత్తేసింది.

"ఏవండీ! ఇట్లా రండి! మీ మొహం చూపించండి వీళ్లకి!" అని అమ్మ కల్లంలోకి అరిచింది.

మా నాన్న దానియేలు రోజుకి పది మాటల మనిషి. తలగుడ్డ చుట్టుకుని, చేతిలో కాయలు తిరగేసే పలుగొర్రుతో వచ్చి, "ఏందీ గోల?" అన్నాడు.

"తలగుడ్డ తియ్యండి!"

తీశాడు. ఇప్పుడు మా వంశం చెవుల గురించి చెప్పాలి. చేటల్లా ఉంటాయి. గాలొస్తే మా నాన్న నిలబడ్డచోటు నుంచి కదులుతాడేమోనని భయం వేస్తుంది. తలగుడ్డ తియ్యగానే అవి రెండూ టప్పున విచ్చుకుని తెర నిండా పరుచుకున్నాయి.

మామ్మగారు ఆగింది. ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత నా తలపట్టీ పైకి జరిపి, నా కుడిచెవి పట్టుకుని, బయటికి లాగి, ఫోను పక్కన పెట్టి పోల్చింది. ఎడమ చెవి కూడా లాగింది. గోడవైపున్న ఫోటోని ఇటు తిప్పి ఆయన చెవులు చూసింది. బుల్లి చెవులు, ఉన్నాయా లేవా అన్నట్టు.

ఆవిడ మూతి ముందు వంకర తిరిగింది, తర్వాత భుజాలు కదిలాయి. పక్కున నవ్వింది. ఆవిడ నవ్వేసరికి కొడుకులూ కోడళ్లూ, ఆఖరికి బాకా ఊదేవాడు కూడా నవ్వాడు. మామ్మగారు తన చేతి గుడ్డతో ఆ ఫోటో అద్దం తుడిచి, మొగుడితో మెల్లగా ఏదో అంది.

"క్షమించమంటోందా?" అని లాన్‌ని అడిగాను.

"లేదు. 'వీడు మాత్రం నీవాడు కాదులే' అంటోంది."

శవయాత్ర కదిలింది. పట్టీ విప్పబోతుంటే పెద్దకొడుకు నా చెయ్యి పట్టి ఆపి, తమ వెనకే నడవమని సైగ చేశాడు. నడిచాను. ఒక్క స్టెప్పు కూడా వెయ్యలేదని శిరీష సాక్ష్యం.

దర్శిలో మాత్రం గొడవ చల్లారలేదు. కల్లంలో కాయలు ఏరుతున్న కూలీలంతా మొత్తం విన్నారు. ఆదివారానికల్లా చర్చి మొత్తానికి తెలిసింది. మేం ఇంటికొచ్చాక అమ్మ మాతో చాలా రోజులు మాట్లాడలేదు. నాన్న ఒక్కడే ఒకనాడు నన్ను పక్కకి పిలిచి, నా చెవి తడిమి, "పనికొచ్చాయిగా" అన్నాడు. ఆ రోజుకి ఆయన కోటా అయిపోయింది.

అంచేత, దేవుని ఎదుట, పాఠకుల ఎదుట, ముఖ్యంగా మార్తమ్మ టీచర్ ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను. బతికున్నవాళ్లనిగానీ పోయినవాళ్లనిగానీ, ఏ దేశంలోనూ, ఏ భాషలోనూ, ఇక మీదట 'తండ్రిలాంటి వారు' అనను. 'అన్నయ్యలాంటి వారు' అని సర్దుకోమన్నది శిరీష. అదీ అనను. దానికీ మా అమ్మే సమాధానం చెప్పుకోవాలి.