రాగం తీసి చదివిన కాగితం

ఉదయం ఆరుంబావుకు కువైట్‌లోని అబూ హలీఫాలో సిటీ బస్సెక్కాము. టిక్కెట్టు మూడు వందల ఫిల్సు. లేబర్ ఆఫీసుకు పోయేవాళ్లు నీళ్ల సీసా, సివిల్ ఐడీ, కంపెనీ ఇచ్చిన కాగితాలు మరవకండి. మేము మూడూ పెట్టుకున్నాము. మమ్మల్ని ముంచబోయింది ఆ మూడోదే.

మేమంటే రాయచోటి రఫీ అనే నేను, లక్కిరెడ్డిపల్లె రమణన్న. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల చేత బెల్టులు విప్పించి ట్రేలో పెట్టించే గార్డులం. పని ఎయిర్‌పోర్టులో, జీతం ఒక కాంట్రాక్టు కంపెనీ నుంచి. ఆ మధ్య ఎయిర్‌పోర్టు రెండు నెలలు మూతపడింది. జీతం కూడా సాటి మర్యాదగా మూతపడింది. తెరిచాక డ్యూటీకి పిలిచారు గానీ ఆ రెండు నెలల ఊసెత్తలేదు. గదిలోని ఎనిమిది మందిమీ ఫిర్యాదు పెట్టాము. విచారణకు మా ఇద్దరినీ పంపారు. రమణన్న కూతురు నర్సింగ్ చదువుతోంది. వారంలోగా ఫీజు కట్టకపోతే పరీక్షకు రానివ్వమని కాలేజీవాళ్లు చెప్పేశారు.

మా ధైర్యమంతా ఒక కాగితం. మూత పడిన రోజే కంపెనీ మందూబ్, అంటే కాగితాల పనులు చూసే మనిషి, అరబీలో అచ్చేసిన ఫారాలు తెచ్చాడు. చిన్నప్పుడు మదరసాలో ఖురాన్ ఓదడం నేర్చుకున్నాను గనుక అరబీ అక్షరాలు గడగడా చదువుతాను. అర్థం తెలియదు. మా వీధిలో దాన్నెవరూ లోపంగా చూడరు. అలవాటు కొద్దీ ఫారాన్ని కూడా రాగం తీసి, సాగదీయాల్సిన చోట సాగదీసి చదివాను. మధ్యలో 'రాతిబ్' తగిలింది. జీతమని నాకు తెలిసిన నాలుగు అరబీ మాటల్లో అదొకటి. "జీతం గురించే రాసినాడు" అని ప్రకటించాను. ఎనిమిది మందిమీ సంతకాలు చేసి, ఫోన్లో ఫోటో తీసుకుని ఫారాలు తిరిగిచ్చాము. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

బస్సులో ముందు సీట్లో రాజోలు ఆవిడ, ఎవరింట్లోనో పనిచేస్తుందట, వెనక్కి తిరిగింది. "లేబర్ ఆఫీసుకాండీ? కాయితం ఉందా?"

"ఉందక్కా, సంతకాలతో సహా."

"ఇంకేంటండీ భయం! నేనైతే మా మామా, అదేనండీ ఇంటి యజమానురాలు, ఆవిడ నోటిమాట నమ్మి రెండేళ్లు గడిపేశాను."

ఫోన్లో ఒక వార్త కనబడితే రమణన్నకు చదివి వినిపించాను. అమెరికాలో ప్రభుత్వం మూతపడితే ఎయిర్‌పోర్టు తనిఖీవాళ్లు జీతం లేకుండా పనిచేస్తున్నారట, వాళ్లకు జీతం ఆగకుండా చట్టం తేవాలంటున్నారట.

"ఆడ సర్కారు మూసి ఎయిర్‌పోర్టు తెరిచినారు. ఈడ ఎయిర్‌పోర్టు మూసి సర్కారు తెరిచినారు," అన్నాడు రమణన్న. "రెండు చోట్లా మూతపడింది మన మూటేనా?"

ఏడుంబావుకు సిటీలో దిగి, గుడ్డు చుట్టిన పరాటా తిని, ఫర్వానియా బస్సు పట్టుకున్నాము. ఎనిమిదింటికి టోకెన్, తొమ్మిదింబావుకు పిలుపు. బల్ల వెనక నల్ల అబాయాలో ఒక మేడమ్, పక్కన మా మందూబ్. రమణన్న ఈ పనికి ముందు పదేళ్లు కువైటీ ఇంట్లో డ్రైవరు. అరబీ మాట్లాడతాడు, అక్షరం ముక్క రాదు. అందుకని మాటలు ఆయనవి, కాగితం నాది. నేను ఠీవిగా ఫోన్లోని ఫోటో చూపించాను. మందూబ్ నవ్వి ఎనిమిది ఫారాల అసలు ప్రతులూ బల్ల మీద పెట్టాడు.

"సెలవు మనమే అడిగినామంట," మందూబ్ మాటలు రమణన్న నాకు తెలుగులో చెప్పాడు, గొంతు తగ్గించి. "చదివినాకనే సంతకం పెట్టినామంట. నువ్వే చదివినావంట."

మేడమ్ ఒక ఫారం నా ముందుకు తోసింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండు వరుసలయ్యాక ఆమె చెయ్యెత్తింది. రమణన్న అనువదించాడు: "బాగా ఓదుతాండావంట. రాగం వద్దు, పేపరు చదివినట్టు చదువంటాంది."

పేపరు చదివినట్టు చదివాను. "ఇజాజా... బిదూన్ రాతిబ్..."

రమణన్న కుర్చీలోంచి లేచాడు. "ఒరే! ఇజాజా అంటే సెలవు, బిదూన్ రాతిబ్ అంటే జీతం ల్యాకుండా గదరా! ఆ పొద్దు ఇట్ల చదివింటే నాకు తెలిసిండదా? పాట పాడితివి గదరా!"

మేడమ్‌కు తెలుగు రాదు. కానీ రమణన్న ముఖం చదవడానికి ఏ భాషా అక్కర్లేదు. అర్థం తెలుసా అని నన్ను అడిగింది. సిగ్గు మింగి తల అడ్డంగా ఊపాను. గదిలో నాకున్న పండితుడి హోదా ఆ ఊపుతోనే పోయింది. అది లేకుండా కూడా అన్నం అరుగుతుందని తర్వాత తెలిసింది.

ఆమె ఎనిమిది ఫారాలూ పేకముక్కల్లా పరిచి మందూబ్‌ను ఒకటే అడిగింది. రమణన్న నా చెవిలో వేశాడు: "ఎనిమిది మందికీ ఒకే పొద్దు, ఒకే పెన్నుతో సెలవు మింద మనసు పుట్టిందా అంటాంది."

మందూబ్ టై సర్దుకున్నాడు. మూతకు కారణం పనివాడు కానప్పుడు, వాణ్ణి పనిలో ఉంచుకున్నంత కాలం ఆ రోజులకూ జీతం ఇవ్వాలనేది ఇక్కడి చట్టమని మేడమ్ చెప్పింది. మందూబ్ బయటికెళ్లి ఫోన్లో కంపెనీతో మాట్లాడి వచ్చాడు: నాలుగు రోజుల్లో రెండు నెలలదీ బ్యాంకులో వేస్తారు.

ఒప్పందం కాగితం వచ్చింది, అరబీలోనే. మందూబ్ "యల్లా, యల్లా" అన్నాడు. రమణన్న పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నేను ఒక్కో మాట చదివాను, ఆయన ఒక్కో మాటకు అర్థం చెప్పాడు, తెలియనివి మేడమ్‌ను అడిగాడు. ఇద్దరం కలిస్తే ఒక చదువుకున్నవాడు తయారయ్యాడు. నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాతే సంతకం.

ఒంటిగంటకు తిరుగు బస్సు. ఈ దారిలో వచ్చేవాళ్లకు ఒక మాట: ఆఫీసు మంచిది, బస్సు సమయానికే వస్తుంది, అరబీ చదివేవాణ్ణి మాత్రం ఒంటరిగా నమ్మకండి.

రమణన్న కూతురికి ఫోన్ చేశాడు. "కడతా లేమ్మా, నువ్వు పరీచ్చ రాయి." ఫోన్ పెట్టి, డ్రైవరు తల పైన అరబీలో రాసున్నది చూపించాడు. "చదువు."

చదివాను. అలవాటు ఎక్కడికి పోతుంది, చివర కాస్త సాగింది. నా మోకాలి మీద ఒక దెబ్బ పడింది.

"మళ్లా చదువు."