పూల్ కర్రకు కరవాడు వాసన

మా ఇంట్లో చీపుర్లకు ఒక మూల ఉంది. వంటింటి వెనక, బట్టలారేసుకునే వరండాలో, నీళ్ల డ్రమ్ము పక్కన. చాలాకాలం నా పూల్ కర్ర పెట్టె కాపురం కూడా అక్కడే. పొద్దున నేను దాన్ని తెచ్చి హాల్లో బీరువా పక్కన నిలబెట్టేదాన్ని. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అది మళ్లీ చీపుర్ల సరసన చేరిపోయేది. దానికి కాళ్లు లేవు కాబట్టి ఇది మా అత్త పనేనని వేరే చెప్పక్కర్లేదు.

పూల్ అంటే ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద పొడుగాటి కర్రతో తెల్లబంతిని పొడిచి, అది వెళ్లి రంగుబంతుల్ని కొడితే, వాటిని బల్ల అంచున ఉన్న సంచుల్లో పడేసే ఆట. నేను పనిచేసే రేణిగుంట ఫ్యాక్టరీలో క్యాంటీన్ పక్క గదిలో ఒక బల్ల ఉంది. మధ్యాహ్నం తిన్నాక మగవాళ్లు ఆడుతుంటే చూసి, ఇదేం బ్రహ్మవిద్యా అనుకుని నేనూ కర్ర పట్టాను. బ్రహ్మవిద్యే. మొదట్లో చాలా రోజులు సంచిలో పడకూడని తెల్లబంతి ఒక్కటే పడుతూ ఉండేది. ఆ తర్వాత పిచ్చి పట్టుకుంది. సొంత కర్ర కొన్నాను. కర్ర రెండు ముక్కలుగా విడిపోయి ఒక నల్లటి పొడుగుపెట్టెలో పడుకుంటుంది. లోపల స్పాంజి, దాని మీద ఎర్రటి మఖమలు, కర్ర కొసకు రుద్దే నీలం చాక్ ముక్కలకు ఒక చిన్న అర. నా పెళ్లినగల డబ్బా కూడా అంత బాగుండదు.

మా అత్తకు ఆ ఆట సంగతి తెలుసు. ఒకసారి ఫోన్లో వీడియో చూపించాను కూడా. "ఆడమనిషి బల్ల మీద బోర్లా పడి పొడిసేదేంది మ్మే?" అని ఊరుకుంది. వద్దని మాత్రం అనలేదు. ఆమె కోపమంతా పెట్టె మీదే. ఇంటి నడిమధ్య ఆటసామాను ఉండకూడదు, అంతే. మా ఆయన్ని అడిగితే "పెట్టే కదా, యాడుంటే ఏమి" అంటాడు, తన బైకుకు మాత్రం మెట్ల కింద చోటు కోసం పక్కింటివాళ్లతో గొడవపడే మనిషి. నాకు మాత్రం ఆ చీపుర్ల మూల అవమానంగానే ఉండేది. రోజులో నాదంటూ ఉన్న ఆ కాస్త ముచ్చటకూ ఇంట్లో జానెడు జాగా కావాలనిపించేది.

ఒకసారి కర్ర కొస అరిగిపోతే సరిచేయించడానికి కర్రను ఆఫీసులోనే వదిలి వచ్చాను. పెట్టె ఇంట్లో ఖాళీగా ఉంది. అప్పుడే మా అత్త చిత్తూరులో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చే రోజు నేను బస్టాండుకు వెళితే, చంకలో నా పెట్టెతో దిగింది.

"ఎంత బాగుండాది మ్మే నీ పెట్టె! మునక్కాయ ఒక్కటి గూడా ఇరగలా. బస్సులో ఒక్కరికీ వాసన తెలీలా."

"మునక్కాయలకు వాసనేంది అత్తా?"

"మునక్కాయలకు కాదు లే. మా చెల్లెలు రవ్వంత కరవాడు ఇచ్చినాది."

కరవాడంటే ఎండుచేప. అరవదేశం పొలిమేర పక్కనే కాబట్టి ఆ మాట మాకు ఇంటిమాటే. అందులోనూ అది పొడుగ్గా కత్తిలాగా ఉండే రకం. మునక్కాయల పక్కన దాని కోసమే కొలిచి చేయించినట్టు నా మఖమలు మీద హాయిగా పడుకుని వచ్చింది. వంకాయ వేసి పులుసు పెడితే నేను సిగ్గు లేకుండా మారు వడ్డించుకునే మనిషిని, ఆ రాత్రి కూడా వడ్డించుకున్నాను. కానీ పులుసు అయిపోయినా పెట్టెలో వాసన అయిపోలేదు. మూత తీస్తే చాలు, చేపల మార్కెట్లో నిలబడ్డట్టే ఉంది. ఆ పెట్టెతో తిరుమల కొండకు బయలుదేరితే అలిపిరి తనిఖీ దగ్గరే ఆపేసేవాళ్లు.

పైగా అప్పుడే ఫ్యాక్టరీలో ఆడవాళ్ల పోటీ పెట్టారు. ఈ వాసనతో పోటీకి వెళ్లడం ఒక దిగులు. పెట్టెను ఇక హాల్లోకి రానివ్వమని అడగడానికి నాకు నోరు లేకుండా పోయిందన్నది అంతకన్నా పెద్ద దిగులు.

ముందు వంటసోడా చల్లి మూత వేసి మర్నాడు దులిపాను. పులిసిన పిండిలో చేప వేసినట్టయింది. మిద్దె మీద ఎండబెట్టాను. వీధిలో ఇన్ని పిల్లులున్నాయని నాకు అంతవరకూ తెలియదు. మా ఆయన సలహా మీద కాఫీపొడి మూట కట్టి లోపల పెట్టాను. ఆ తర్వాత కొన్ని రోజులు కాఫీ తాగాలంటేనే వికారం పుట్టింది.

ఇన్ని చేస్తున్నా మా అత్త ఒప్పుకోలేదు. "అది కరవాడు వాసన కాదు మ్మే, నీ నీలం సుద్ద వాసన" అంది. కానీ ఒక ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి, వరండాలో నిప్పుల మీద సాంబ్రాణి వేసి, దాని మీద వెదురుబుట్ట బోర్లించి, ఆ బుట్ట మీద నా పెట్టెను తెరిచి వాల్చి, పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. పసిబిడ్డ తల ఆరబెట్టినట్టే, అటు తిప్పి ఇటు తిప్పి పొగ పట్టిస్తోంది. మా ఆయనకు చిన్నప్పుడు కూడా ఇంత శ్రద్ధగా పొగ పట్టించి ఉండదు. నాకు నవ్వూ వచ్చింది, ఆమె మీద ప్రేమా వచ్చింది. వాసన కూడా సగానికి సగం తగ్గింది. అయితే ఆ వేడికి మూలలో జిగురు వదిలి మఖమలు కొద్దిగా లేచింది. అదేం పెద్ద విషయమని పట్టించుకోలేదు.

పోటీ రోజు కంపెనీ బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని గుంతల్లో ఎగురుకుంటూ వెళ్లాను. ఆట బాగానే సాగింది. చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది, అది పడితే నాదే గెలుపు. కళ్లు బంతి మీదే పెట్టి, చెయ్యి వెనక్కు చాచి, అరలోంచి చాక్ తీసి కర్ర కొసకు బాగా రుద్దాను. నీలం అంటలేదు. ఇంకా గట్టిగా రుద్దాను. ఎందుకు అంటడం లేదా అని చేతిలోకి చూసుకుంటే, చేప తోక. ఇన్నాళ్లూ మఖమలు అంచు సందులో ఇరుక్కుని, జిగురు ఊడాక బస్సు కుదుపులకు జారి అరలోకి వచ్చి పడింది. మొదట నవ్వింది నేనే. నాతో ఆడుతున్న ఆమె నేల మీద కూర్చుని మరీ నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే పొడిచాను, నల్లబంతి తప్పింది. తర్వాత ఆమె కళ్లు తుడుచుకుంటూ లేచి దాన్ని తాపీగా సంచిలో పడేసి గెలిచింది.

ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాను. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మా అత్త నవ్వలేదు.

"ఓడిపోయినావా?"

"ఓడిపోయినా అత్తా."

"నా వల్లనేనా?"

ఆమె ఆట గురించి ఏదైనా అడగడం అదే మొదలు. అవునని ఏడిపిద్దామని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మానుకున్నాను.

"కాదు లే. నల్లబంతికి నేనే గురి తప్పినా."

"ఆ తోక ఏం జేసినావు?"

"పారేసినా."

"మంచి కరవాడు మ్మే అది" అని లోపలికి వెళ్లిపోయింది.

తోక పోయినా వాసన పూర్తిగా పోలేదు, స్పాంజిలోకి ఇంకిపోయినట్టుంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే పెట్టెను నేనే తీసుకెళ్లి చీపుర్ల మూలలో పెట్టాను. దసరా వచ్చేదాకా అది అక్కడే ఉంది.

ఆయుధపూజ రోజు మా అత్త హాల్లో పీటలు వేసి ఇంట్లో పనిముట్లన్నీ పేర్చింది. కుట్టుమిషను, మిక్సీ, రోకలి, మా ఆయన స్క్రూడ్రైవర్లు, అన్నిటికన్నా ముందు తన కత్తిపీట. అన్నిటికీ బొట్లు పెడుతూ నన్ను పిలిచింది.

"నీ పెట్టె యాడ మ్మే? తీసుకురా."

"అది వద్దులే అత్తా. ఇంకా వాసన కొడతా ఉండాది."

"కొడితే? నా కత్తిపీట కొట్టటంలా? ఎన్నేండ్లుగా చేపలు కోస్తా ఉండా దాంతో. దానికి పూజ చెయ్యటంలా?"

తెచ్చి తెరిచాను. ఆమె ముక్కు కూడా ముడవకుండా కర్రకు గంధం పూసి, కుంకుమ పెట్టి, చామంతి పువ్వు ఒకటి మఖమలు మీద ఉంచింది. హారతి ఇచ్చి కళ్లకద్దుకున్నాక, నేను అలవాటుగా పెట్టె మూసి వరండా వైపు నడిచాను.

"ఆడికెందుకు తీసకపోతా ఉండావు?" అంది మా అత్త, కత్తిపీట తుడుచుకుంటూ. "బీరువా పక్కన పెట్టు."